లాంథనమ్ ఫెర్రైట్ కంబశ్చన్: ఫర్నేస్ పెంచే ముందు ఒకసారి తూకం చూసుకోండి

మీ ప్రశ్న ముందు నా మాటల్లో ఒకసారి చెప్పేస్తా, ఎందుకంటే ఇదే ఇబ్బందితో వచ్చేవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు. ఎమ్మెస్సీ ఫైనలియర్ ప్రాజెక్టు, లాంథనమ్ ఫెర్రైట్, అంటే లాంథనమ్, ఇనుము కలిసిన ఆక్సైడ్, దాని నానో పౌడర్ చెయ్యాలి, నైట్రేట్లు ప్లస్ గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం, సొల్యూషన్ కంబశ్చన్ పద్ధతి, అంటే అన్నీ నీళ్లలో కరిగించి, ఇగరబెట్టి మంట పెట్టడం. 4.33 గ్రాముల లాంథనమ్ నైట్రేట్, 4.04 గ్రాముల ఫెర్రిక్ నైట్రేట్ తీసుకున్నారు, అంటే ఒక్కోటి 0.01 మోల్. మొదటిసారి 1.5 గ్రాముల గ్లైసిన్ వేస్తే అసలు మంటే రాలేదు, గోధుమరంగు బంక మిగిలింది. రెండోసారి ఏదో పేపర్లో రేషియో 1 అని చూసి 4.5 గ్రాములు వేస్తే ఒకటే పొంగు, పొగ, చివరికి నల్లటి పౌడర్, అది అయస్కాంతానికి అతుక్కుంటోంది. మూడోసారి 2.5 గ్రాములు వేస్తే మంట బ్రహ్మాండంగా వచ్చింది కానీ సగం పౌడర్ బీకర్లోంచి ఎగిరిపోయింది, మిగిలినదాన్ని ఎక్స్‌ఆర్‌డీ (ఏ స్ఫటికాలున్నాయో ఎక్స్‌రేలతో చూసే పరీక్ష) చేయిస్తే 32 డిగ్రీల కోణం దగ్గర మెయిన్ పీకుతో పాటు 28 దగ్గర, 30 దగ్గర చిన్న చిన్న పీకులు. పీకు వెడల్పు నుంచి స్ఫటికం సైజు కట్టే షెర్రర్ ఫార్ములాలో సైజు 0.48 నానోమీటర్లు వస్తోంది. మీ గైడుగారు 900 డిగ్రీల్లో ఇంకోసారి కాల్చమన్నారు, కాల్చాలా వద్దా.

ఇప్పుడే వద్దండి. మీ మూడో పౌడర్‌లో ఉన్న తప్పు వేడితో పోయే రకం కాదు. అది మంట దగ్గర జరిగింది కాదు, బ్యాలెన్స్ దగ్గర జరిగింది. ఈ పద్ధతిలో నేను పన్నెండేళ్లుగా పనిచేస్తున్నా, నా దగ్గరికి వచ్చిన కంబశ్చన్ సమస్యల్లో ఎక్కువ భాగం తూకం దగ్గరే తేలాయి, అందుకే మీ మూడు ప్రయత్నాలూ వరసగా విప్పి చెప్తా, కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు లోపల ఏం జరుగుతోందో. దీపావళికి చిచ్చుబుడ్డి కాలుస్తాం కదా, అందులో సూరేకారం ఆక్సిజన్ ఇస్తుంది, బొగ్గూ గంధకమూ కాలతాయి, బయట గాలితో పెద్దగా పని లేకుండానే మండిపోతుంది. మీ గిన్నెలో కూడా అదే. నైట్రేట్లు ఆక్సిడైజర్, గ్లైసిన్ ఫ్యూయల్, తేడా ఏంటంటే ఇక్కడ రెండూ నీళ్లలో కరిగి అణువు అణువు కలిసిపోయి ఉంటాయి, అందుకే కాలాక మిగిలే బూడిదే మనకి కావలసిన ఆక్సైడ్. లెక్క కూడా రాకెట్ ప్రొపెల్లెంట్ల వైపు నుంచి వచ్చిందే, 1981లో జైన్, అడిగ, పాయ్ వెర్నేకర్ అనే ముగ్గురు ఘన ఇంధనాల కోసం వాలెన్సీలతో ఒక సులువైన లెక్క ఇచ్చారు. తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీలో ప్రొఫెసర్ కె.సి. పాటిల్ గ్రూపు, అల్యూమినియం నైట్రేట్‌నీ యూరియానీ నీళ్లలో కలిపి 500 డిగ్రీల మఫిల్ ఫర్నేస్‌లో పెడితే కొన్ని నిమిషాల్లో మండి ఆల్ఫా అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్‌లో ఒక స్ఫటిక రూపం) నురగలా తయారైందని చూపించింది, కింగ్స్‌లీ, పాటిల్ పేర్లతో 1988లో ఆ పేపర్ వచ్చింది. ఆల్ఫా అల్యూమినా మామూలుగా రావాలంటే 1100 దాటి గంటలు గంటలు కాల్చాలి. అంటే ఫర్నేస్ 500 లోనే ఉంది, మిగతా వేడంతా గిన్నెలోనే పుట్టింది. గ్లైసిన్ వాడటం 1990లో అమెరికాలో చిక్, పెడర్సన్ వాళ్ల గ్రూపు రాసిన పేపర్‌తో బాగా పాపులర్ అయింది, వాళ్లకి కావలసింది ఫ్యూయల్ సెల్స్ కోసం క్రోమైట్, మాంగనైట్ లాంటి పెరోవ్‌స్కైట్లే, అంటే ఒక ప్రత్యేక అమరిక ఉన్న స్ఫటికాలు, లాంథనమ్ ఫెర్రైట్ కూడా ఆ కుటుంబమే. మనం చేసేది ఆక్సైడ్ పెరోవ్‌స్కైట్, సోలార్ సెల్స్‌లో వినే హాలైడ్ పెరోవ్‌స్కైట్ వేరే సంగతి, వైవాలో ఇది కలిపేయకండి.

ఇప్పుడు గ్లైసిన్ ఎంత వెయ్యాలి. వాలెన్సీ లెక్క ఇలా ఉంటుంది: కార్బన్ ప్లస్ 4, హైడ్రోజన్ ప్లస్ 1, ఆక్సిజన్ మైనస్ 2, నైట్రోజన్ సున్నా ఎందుకంటే అది నైట్రోజన్ గ్యాస్‌గా పోతుంది అనుకుంటాం, లోహానికి దాని వాలెన్సీ. లాంథనమ్ నైట్రేట్‌లో లాంథనమ్ ప్లస్ 3, తొమ్మిది ఆక్సిజన్లకి మైనస్ 18, మొత్తం మైనస్ 15. ఫెర్రిక్ నైట్రేట్ కూడా అంతే, మైనస్ 15. రెండూ కలిపి మైనస్ 30. గ్లైసిన్‌లో రెండు కార్బన్లకి 8, ఐదు హైడ్రోజన్లకి 5, రెండు ఆక్సిజన్లకి మైనస్ 4, మొత్తం ప్లస్ 9. 30ని 9తో భాగిస్తే 3.33. అంటే ఒక మోల్ లాంథనమ్ ఫెర్రైట్‌కి 3.33 మోల్స్ గ్లైసిన్, మీ 0.01 మోల్ బ్యాచ్‌కి సరిగ్గా 2.50 గ్రాములు. యూరియా అయితే ప్లస్ 6 కాబట్టి 5 మోల్స్, సిట్రిక్ యాసిడ్ ప్లస్ 18 కాబట్టి 1.67. స్ఫటికంలో ఉన్న నీళ్లకి రెండు వైపులా సున్నా, అవి ఈ లెక్కలోకి రావు, కానీ తూకంలోకి మాత్రం వస్తాయి, అసలు కథంతా అక్కడే ఉంది, వస్తున్నా.

ఈ లెక్కతో మీ మొదటి రెండు ప్రయత్నాలు చూస్తే అన్నీ తెలిసిపోతాయి. 1.5 గ్రాములు అంటే మీరు ఒక్కో లోహానికి ఒక మోల్ గ్లైసిన్ అని లెక్కేశారు, కావలసినదాంట్లో 60 శాతం. ఇంధనం చాలక మంట పట్టలేదు, దానికి తోడు మీరు హాట్ ప్లేట్ 150 దగ్గర పెట్టి రెండు గంటలు ఉంచానన్నారు, అంతసేపు మెల్లగా కాగితే గ్లైసిన్ కొంచెం కొంచెంగా విడిపోయి ఉన్న కాస్త ఇంధనమూ ఖర్చయిపోతుంది, చివరికి నైట్రేట్ పూర్తిగా విరగని బంక మిగులుతుంది. దాన్ని ఫర్నేస్‌లో పెడితే గోధుమరంగు పొగ వస్తుంది, అది నైట్రోజన్ డయాక్సైడ్, పీల్చకండి.

రెండోది 4.5 గ్రాములు. ఇక్కడ పేపర్ తప్పు కాదు, మీరు చదివిన రేషియో వేరు. కొంతమంది ఫ్యూయల్ బై ఆక్సిడైజర్ ఈక్వల్ టు 1 అని రాస్తారు, అది పైన చెప్పిన వాలెన్సీ లెక్క, 1 అంటే సరిసమానం. ఇంకొంతమంది గ్లైసిన్ టు నైట్రేట్ అని మోల్స్ రేషియో రాస్తారు, అందులో సరిసమానం అంటే 6 నైట్రేట్లకి 3.33 గ్లైసిన్, అంటే 0.56. మీరు ఈ రెండో రకంలో 1 పట్టుకుని 0.06 మోల్ గ్లైసిన్ వేశారు, అంటే కావలసినదానికి 1.8 రెట్లు. ఇంకొందరు తిరగేసి ఆక్సిడైజర్ బై ఫ్యూయల్ అని కూడా రాస్తారు, అప్పుడు ఫ్యూయల్ రిచ్ (ఇంధనం ఎక్కువ) అన్నది 1 కంటే తక్కువలో ఉంటుంది. కాబట్టి పేపర్లో అంకె చూసి వెయ్యకండి, ప్రొసీజర్‌లో ఎన్ని గ్రాములు వేశారో చూసి మీ లెక్కతో మళ్లీ కట్టుకోండి.

ఇంధనం అంత ఎక్కువైతే ఏమవుతుందంటే ఉన్న ఆక్సిజన్ చాలక కార్బన్ కాలకుండా మిగిలిపోతుంది, అది నలుపు. పైగా ఆ వేడిలో కార్బన్, కార్బన్ మోనాక్సైడ్ కలిసి ఇనుము దగ్గరున్న ఆక్సిజన్‌ని కొంత లాగేస్తాయి, మాగ్నటైట్ అనే అయస్కాంత ఐరన్ ఆక్సైడ్ పుడుతుంది, అందుకే అయస్కాంతానికి అతుక్కుంది. శుభ్రంగా వచ్చిన లాంథనమ్ ఫెర్రైట్ రంగు నలుపు కాదండి, ఇటుకపొడికీ పసుపుకీ మధ్య గోధుమరంగు, అది యాంటీఫెర్రోమాగ్నెట్, అంటే లోపలి చిన్న చిన్న అయస్కాంతాలు ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, కాబట్టి మామూలు అయస్కాంతం దగ్గర పెడితే ఎగిరి అతుక్కోదు. ఒక్క పైసా ఖర్చు లేని టెస్టు ఇది, కాగితం మీద చిటికెడు పౌడర్ వేసి కింద అయస్కాంతం తిప్పండి, పౌడర్ దానివెంట నడిస్తే ఐరన్ ఆక్సైడ్ ఉన్నట్టే, ఎక్స్‌ఆర్‌డీ క్యూలో నిలబడక్కర్లేదు. మాంగనైట్, కోబాల్టైట్ చేసేవాళ్లకి మాత్రం రంగు గుర్తు పనికిరాదు, అవి ఎలాగూ నల్లగానే ఉంటాయి.

ఇక మూడోది, అసలైనది. లెక్క ప్రకారం 2.5 గ్రాములు వేశారు, మంట వచ్చింది, రంగు సరిగ్గా వచ్చింది, 32.2 దగ్గర మెయిన్ పీకు వచ్చింది, అంటే పెరోవ్‌స్కైట్ ఫేజ్ వచ్చేసింది, ఫర్నేస్‌లో కాల్చకుండానే. ఇది మంచి రిజల్టే, దిగులు పడకండి. 30 దగ్గరది లాంథనమ్ ఆక్సైడ్, 28 దగ్గరది లాంథనమ్ హైడ్రాక్సైడ్, ఆక్సైడ్ గాల్లో తేమ పీల్చుకుని హైడ్రాక్సైడ్ అయిపోతుంది, శాంపిల్ చేసిన రోజుకీ ఎక్స్‌ఆర్‌డీ తీసిన రోజుకీ మధ్య వారం గ్యాప్ ఉందన్నారు కదా, ఆ వారంలో అయ్యుంటుంది. ఇప్పుడు ముఖ్యమైన సంగతి గమనించండి, ఐరన్ ఆక్సైడ్ పీకులు లేవు. హెమటైట్ అనే ఐరన్ ఆక్సైడ్ ఉంటే 33.2 దగ్గర, 35.6 దగ్గర కనపడాలి, 33.2 మెయిన్ పీకు పక్కన కలిసిపోయినా 35.6 దాక్కోలేదు, మీ ప్లాట్‌లో అక్కడ ఖాళీగా ఉంది. లాంథనమ్ ఆక్సైడూ ఐరన్ ఆక్సైడూ రెండూ కనపడితే అవి సరిగ్గా కలవలేదు, లేదా మంట చాలలేదు అని అర్థం, అలాంటప్పుడు 700, 800 డిగ్రీల్లో కాలిస్తే ఒకదానితో ఒకటి కలిసి పెరోవ్‌స్కైట్ అవుతాయి. కానీ లాంథనమ్ ఒక్కటే మిగిలిందంటే గిన్నెలోకే లాంథనమ్ ఎక్కువ వెళ్లింది. అది కలవడానికి ఇనుము లేదు. 900 కాదు 1200లో కాల్చినా లేని ఇనుము ఎక్కడినుంచి వస్తుంది? నానో సైజు మాత్రం పోతుంది, గ్రెయిన్స్ (పౌడర్‌లోని చిన్న స్ఫటికాలు) పెరిగి మీ ప్రాజెక్టు టైటిల్‌కే అర్థం లేకుండా పోతుంది.

మరి 4.33 గ్రాములు కరెక్టుగా తూచినా లాంథనమ్ ఎలా ఎక్కువైంది అంటారా. సీసా మీద హెక్సాహైడ్రేట్ (ఒక్కో నైట్రేట్ అణువుకి ఆరు నీళ్ల అణువులు) అని ఉంది, మాలిక్యులర్ వెయిట్ 433 అని ఉంది, మీరు నమ్మారు. నేనూ నమ్మాను మొదటి రెండేళ్లు. ఈ ఉప్పు తేమ పీలుస్తుంది, పొడి గదిలో ఎండిపోతుంది, అసలు ఫ్యాక్టరీలోంచే ఆరు నీళ్లతో వచ్చిందో నాలుగున్నరతో వచ్చిందో సీసా సీసాకీ మారిపోతుంది. నేను పీహెచ్‌డీ చేసింది సముద్రం పక్క ఊళ్లో, ఆగస్టులో సీసా మూత తీస్తే పైన పలుకులు తడిసి బురదలా ఉండేవి, అడుగున గట్టిగా ఉండేవి, ఒకే సీసాలో పైనుంచి తీస్తే ఒక రిజల్టు, కింది నుంచి తీస్తే ఇంకో రిజల్టు. ఎనిమిది నెలలు ఫ్యూయల్ రేషియో మారుస్తూ, టెంపరేచర్ మారుస్తూ కూర్చున్నాను, ఎప్పుడూ 28 దగ్గర ఆ పీకు. ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. మా ల్యాబ్‌లో ఎవరికీ ఆ సీసా మీద అనుమానం రాలేదు. ఆ ఎనిమిది నెలలు మీకు పోకూడదని ఇంత వివరంగా రాస్తున్నా.

కాబట్టి మీరు చెయ్యాల్సిన మొదటి పని ఇది. చిన్న పింగాణీ క్రూసిబుల్ ముందు ఖాళీది కాల్చి చల్లార్చి తూచుకోండి. సీసా బాగా కలిపి సుమారు ఒక గ్రాము లాంథనమ్ నైట్రేట్ అందులో వెయ్యండి, నాలుగు దశాంశాల బ్యాలెన్స్ మీద. ముందు మెల్లగా 200, 300 దాకా తీసుకెళ్లండి, లేకపోతే నీళ్లు పోయేటప్పుడు చిటపటలాడి బయటికి ఎగురుతుంది, తర్వాత 1000 డిగ్రీల్లో రెండు గంటలు. డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్ర) గది వేడికి చల్లబడగానే, గంటలు గంటలు వదిలెయ్యకుండా, టక్కున తూచెయ్యండి, ఎందుకంటే లాంథనమ్ ఆక్సైడ్ గాల్లో తేమ, కార్బన్ డయాక్సైడ్ రెండూ పీలుస్తుంది, మీరు చూస్తుండగానే బ్యాలెన్స్ మీద చివరి అంకె పెరుగుతూ ఉంటుంది. నిజంగా హెక్సాహైడ్రేట్ అయితే గ్రాముకి 0.376 గ్రాముల ఆక్సైడ్ రావాలి. ఒకవేళ మీకు 0.400 వచ్చిందనుకోండి, అప్పుడు ఆ సీసాలో ఉన్నదాని అసలు మాలిక్యులర్ వెయిట్ 162.9ని 0.400తో భాగించి 407, అంటే ఆరు నీళ్లు కాదు నాలుగున్నర పైచిలుకు. అలాంటి ఉప్పు 4.33 గ్రాములు వేస్తే 0.01 బదులు 0.0106 మోల్ వెళ్లింది, ఆరు శాతం ఎక్కువ, చివర్లో దాదాపు 0.1 గ్రాము లాంథనమ్ ఆక్సైడ్ మిగిలిపోతుంది, రెండున్నర గ్రాముల పౌడర్‌లో అది నాలుగు శాతం, ఎక్స్‌ఆర్‌డీలో హాయిగా కనపడుతుంది. ఆ సీసా నుంచి మీరు తియ్యాల్సింది 4.33 కాదు, 4.07. అంతే తేడా.

ఫెర్రిక్ నైట్రేట్‌కి కూడా ఇదే చెయ్యండి, అది కూడా తేమ పీల్చే రకమే, నోనాహైడ్రేట్ (తొమ్మిది నీళ్లు) అయితే గ్రాముకి 0.198 గ్రాముల ఫెర్రిక్ ఆక్సైడ్ రావాలి, దీనికి 700 డిగ్రీలు చాలు. ఇంకా మంచి పద్ధతి ఏంటంటే ప్రతిసారీ ఉప్పు తూచకుండా రెండూ సుమారు 0.5 మోలార్ స్టాక్ సొల్యూషన్లు చేసి పెట్టుకుని, ఒక్కోదాంట్లోంచి 10 మిల్లీలీటర్లు పిపెట్‌తో తీసి ఆరబెట్టి కాల్చి అసలు మోలారిటీ ఎంతో తేల్చుకోవడం. సరిగ్గా 0.5 అయితే లాంథనమ్‌కి 0.815 గ్రాములు, ఇనుముకి 0.399 గ్రాములు వస్తాయి. ఒకసారి తేల్చుకుని లేబుల్ మీద రాసి మూత గట్టిగా పెడితే సెమిస్టర్ అంతా పిపెట్‌తో తీసుకోవచ్చు. ఇనుము స్టాక్ నిలవుంటే మెల్లగా అడుగున తుప్పురంగు మడ్డి దిగుతుంది, అది రాకుండా కొన్ని చుక్కల నైట్రిక్ యాసిడ్ వేస్తారు, వెయ్యండి, కానీ ఎంత వేశారో రాసుకోండి, నైట్రిక్ యాసిడ్ కూడా ఆక్సిడైజరే, మోల్‌కి మైనస్ 5. లాంథనమ్ ఆక్సైడ్‌ని యాసిడ్‌లో కరిగించి మొదలుపెట్టేవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు, మిగిలిపోయిన యాసిడ్ లెక్కలో ఉండదు, మంట ప్రతిసారీ వేరేగా వస్తుంది.

పౌడర్ ఎగిరిపోవడం సంగతి. మీ బ్యాచ్‌లో మిగిలేది 2.43 గ్రాముల పౌడర్, కానీ దానితో పాటు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, నైట్రోజన్ కలిపి దాదాపు 0.2 మోల్ గ్యాస్ వస్తుంది. మామూలు లెక్కలో నాలుగున్నర లీటర్లు, మంట దగ్గర పన్నెండొందల డిగ్రీలు ఉంటే అదే పాతిక లీటర్లు. పాతిక లీటర్ల వేడి గ్యాస్ రెండు మూడు సెకన్లలో 250 మిల్లీలీటర్ల బీకర్ మూతిలోంచి బయటికి రావాలి, పౌడర్‌ని వదిలేసి ఎలా వస్తుంది? ఆ గ్యాసే పౌడర్‌ని నురగలా విడదీసి నానో సైజులో ఉంచుతోంది, వేడిని కూడా అదే మోసుకుపోతోంది కాబట్టి గ్రెయిన్స్ పెరగడానికి టైమ్ ఉండదు, అందుకే దాన్ని తగ్గించుకోవాలని చూడకండి, గిన్నె మార్చండి. ఇంత చిన్న బ్యాచ్‌కి కూడా రెండు లీటర్ల బీకర్ కానీ వెడల్పాటి లోతున్న స్టీలు గిన్నె కానీ వాడండి, పైన సన్న స్టీలు జాలీ పెట్టి అంచులు తీగతో కట్టండి. మూత పెట్టడం మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. గాలి పోయే దారి మూసేస్తే అది బాంబే.

ఇప్పుడు మంట దగ్గర ఏం చూడాలో చెప్తా, ఇది పేపర్లలో ఒక్క లైన్‌లో తేల్చేస్తారు. అన్నీ కలిపి 30, 40 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగాక సొల్యూషన్ తేనెరంగులో తేటగా ఉండాలి, మబ్బుగా ఉంటే ఆపెయ్యండి, ఏదో విడిపోయింది. హాట్ ప్లేట్ మీద 100 దగ్గర కలుపుతూ నీళ్లు ఇగరబెట్టండి. అరిసెలకి పాకం పట్టే అమ్మమ్మలు ఎలా చూస్తారో అలా చూడాలి. గాజుకడ్డీ ఎత్తితే చుక్క చుక్కగా పడుతుంటే ఇంకా నీళ్లున్నట్టు, తీగ సాగితే అదే మన పాయింట్, ముదురు పాకం దాకా వెళ్లనివ్వకండి. తీగపాకం రాగానే మాగ్నెటిక్ బార్ తీసెయ్యండి, గిన్నెని ముందే 400, 450 దగ్గర కాగి ఉన్న ఫర్నేస్‌లో తలుపు కొంచెం తెరిచి పెట్టండి, లేదా హాట్ ప్లేట్ ఒక్కసారి ఫుల్‌కి తిప్పండి. మెల్లగా పెంచడం కాదు, ఒక్కసారిగా. ముందు బుడగలు, తర్వాత గోధుమరంగు ఆవిరి, పాకం పొంగి స్పాంజిలా లేస్తుంది, ఒక్క క్షణం అంతా ఆగినట్టు అనిపిస్తుంది, అప్పుడు ఒక మూల ఎర్రటి చుక్క పుట్టి సర్రుమని గిన్నె అంతా పాకుతుంది. మూడు సెకన్లు, ఎక్కువంటే ఐదు. ఆ తర్వాత గిన్నెలో పేలాల కంటే తేలికైన గోధుమరంగు నురగ ఉంటుంది, ఊదితే లేచిపోతుంది. ఇన్నేళ్లయినా ఆ ఎర్రచుక్క కోసం నేను ఇప్పటికీ ఊపిరి బిగబట్టి చూస్తా.

గ్లైసిన్‌నే ఎందుకు అంటారంటే, దాని ఒక కొస కార్బాక్సిల్, ఇంకో కొస అమైన్, రెండూ లోహాలని పట్టుకుంటాయి, అందుకే నీళ్లు ఇగిరేటప్పుడు ఒక లోహం ముందే స్ఫటికంగా విడిపోకుండా పాకంలో కలిసే ఉంటాయి. యూరియా చవక, కానీ ఈ పట్టు తక్కువ.

పౌడర్ వచ్చాక కాల్చొద్దా అసలు అంటే, కాల్చండి, కానీ 600 డిగ్రీల్లో రెండు గంటలు, మిగిలిన కార్బన్, కార్బనేట్ పోవడానికి. ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) స్పెక్ట్రమ్‌లో 1400, 1500 మధ్య కార్బనేట్ బ్యాండ్ తగ్గిందో లేదో, 560 దగ్గర ఐరన్ ఆక్సిజన్ బ్యాండ్ పదునెక్కిందో చూస్తే తెలిసిపోతుంది. గైడుగారితో 900 వద్దు అని వాదించక్కర్లేదు, ఆక్సైడ్ తూకం అంకెలు తీసుకెళ్లి చూపించండి, సార్ 35.6 దగ్గర ఐరన్ పీకు లేదు, లాంథనమ్ ఎక్కువ పడింది, సరిచేసి ఇంకోసారి చేస్తా అనండి, ఏ గైడూ కాదనరు.

0.48 నానోమీటర్ల సంగతి చిన్నదే. మీ పీకు వెడల్పు 0.3 డిగ్రీలు, దాన్ని డిగ్రీల్లోనే ఫార్ములాలో వేసేశారు, రేడియన్స్‌లో వెయ్యాలి. 0.3 డిగ్రీలంటే 0.00524 రేడియన్లు, 0.9 ఇంటూ 0.154, బై 0.00524 ఇంటూ కాస్ 16.1, వచ్చేది 27.6 నానోమీటర్లు. లాంథనమ్ ఫెర్రైట్ యూనిట్ సెల్ ఒక్కో వైపే 0.55 నానోమీటర్లు పైన ఉంటుంది, మరి 0.48 సైజు క్రిస్టలైట్‌లో ఒక్క యూనిట్ సెల్ కూడా పట్టదు, ఇలాంటి అంకె వచ్చినప్పుడు అక్కడే ఆగాలి. మెషీన్ సొంత వెడల్పు కూడా తీసెయ్యాలి, సిలికాన్ స్టాండర్డ్‌తో 0.1 వచ్చిందనుకుంటే వర్గాల తేడా లెక్కతో మీ సైజు 29 అవుతుంది. ఇంకోటి, ఇది క్రిస్టలైట్ సైజు, పార్టికల్ సైజు కాదు. నురగలో ఈ క్రిస్టలైట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, టెమ్ అనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో గుత్తులు గుత్తులుగా కనపడతాయి. బీఈటీ (పౌడర్ ఉపరితల వైశాల్యం కొలిచే పరీక్ష) చేయిస్తే గ్రాముకి 20 చదరపు మీటర్లు వచ్చిందనుకోండి, 6000ని డెన్సిటీ 6.6తోనూ 20తోనూ భాగిస్తే 45 నానోమీటర్లు, ఎక్స్‌ఆర్‌డీ కంటే పెద్దది, ఆ తేడానే అతుక్కోవడానికి సాక్ష్యం. థీసిస్‌లో రెండూ పక్కపక్కన రాయండి, ఎగ్జామినర్ అదే అడుగుతారు.

వేరే పెరోవ్‌స్కైట్లు చేసేవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు మాటలు. మాంగనీస్ నైట్రేట్ టెట్రాహైడ్రేట్ 37 డిగ్రీలకే కరిగిపోతుంది, మన మే నెల ఎండలకి ఏసీ లేని స్టోర్‌లో సీసాలో నీళ్లలా ఉంటుంది, దాన్ని ఘనంగా తూచడం కుదరని పని, స్టాక్ సొల్యూషన్ చేసి తేల్చుకోవడమే దారి. స్ట్రాన్షియం కలిపితే 25 దగ్గర స్ట్రాన్షియం కార్బనేట్ పీకు వెతకండి. బేరియం టైటనేట్‌కి ఇబ్బంది డబుల్, బేరియం నైట్రేట్ 100 మిల్లీలీటర్ల నీళ్లలో 9 గ్రాములే కరుగుతుంది కాబట్టి ఇగిరేటప్పుడు అదే ముందు విడిపోతుంది, టైటానియంకేమో కొనుక్కునే నైట్రేటే దొరకదు, ఐసోప్రొపాక్సైడ్‌ని నీళ్లతో విరగ్గొట్టి నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి టైటానిల్ నైట్రేట్ చేసుకోవాలి. మొదటి ప్రాజెక్టుకి అది ఎంచుకోకండి.

జాగ్రత్తల గురించి గట్టిగా ఒకటి చెప్పాలి. సిట్రిక్ యాసిడ్ వాడేవాళ్లు అమ్మోనియా పోసి పీహెచ్ 7కి తెస్తారు, అప్పుడు గిన్నెలో అమ్మోనియం నైట్రేట్ పుడుతుంది, అది కూడా ఆక్సిడైజరే, మోల్‌కి మైనస్ 2, చాలామంది లెక్కలో వెయ్యరు. మేము ఒకసారి అలాంటి జెల్‌ని రాత్రికి ఆరనిద్దామని హాట్ ఎయిర్ ఓవెన్‌లో 180లో పెట్టి వెళ్లిపోయాం. పొద్దున వచ్చేసరికి ఓవెన్ తలుపు ఊడి రెండు మీటర్ల అవతల ఉంది, లోపల ట్రే విల్లులా వంగిపోయింది. ఆ రాత్రి అక్కడ ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. నైట్రేట్, ఫ్యూయల్ కలిసిన జెల్‌ని ఎప్పుడూ మూసిన ఓవెన్‌లో ఆరబెట్టకండి, చేసిన రోజే మంట పెట్టెయ్యండి, సగం ఎండిన జెల్ అల్మరాలో దాచకండి. బ్యాచ్ మూడు గ్రాముల ప్రొడక్ట్ దాటనివ్వకండి, ఎక్కువ కావాలంటే పదిసార్లు చెయ్యండి. హుడ్ ఆన్‌లో ఉండాలి, ముఖానికి షీల్డ్ ఉండాలి, పక్కన మనిషి ఉండాలి. పౌడర్ నానో కాబట్టి ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి.

సరే, ఈ వారం ఆ రెండు సీసాల్లోంచి గ్రాము గ్రాము తీసి కాల్చి, ఖాళీ క్రూసిబుల్ బరువు, ఉప్పుతో బరువు, కాల్చాక బరువు, మూడు అంకెలూ ఇక్కడ పెట్టండి. గ్లైసిన్ సీసా మూత కూడా ఒకసారి చూసి గడ్డలు కట్టిందా లేదా రాయండి. అవి చూసి నాలుగో బ్యాచ్‌కి ఏది ఎంత తూచాలో లెక్క కట్టి ఇస్తా.